రింగులు ఇంకా రాలేదు

ధూళిపాళ్ల,
సత్తెనపల్లి దగ్గర.
మార్చి 3

మహారాజశ్రీ బావగారు వీరాంజనేయులు గారికి,

మీ వియ్యంకుడు యలమందయ్య నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి, ఆ ఘాటుకి ఊరంతా తుమ్ముతోంది. మీరూ, వెంకటేశ్వరమ్మ చెల్లెమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను చేద్దామంటే మీ చెవుల సంగతి మీకే తెలుసు. పోయినసారి "మా దూడ చచ్చిపోయింది బావగారూ" అంటే "చాలా సంతోషం, మాకూ స్వీట్లు పంపండి" అన్నారు. అందుకని ఇకనుంచి ఉత్తరమే రాద్దామని నిశ్చయించుకున్నాను. నా రాత కోడి కెలికినట్టుంటుంది, సర్దుకోవాలి.

అసలు సంగతికి వస్తున్నాను. బావగారూ, నా సంతోషం పట్టలేకపోతున్నాను! మన శివరామకృష్ణ మా కారు బానెట్ ఎత్తాడు!

మిర్చికి మంచి రేటొచ్చిన ఏడాది నేను కొన్న డీజిల్ అంబాసిడర్ మీకు తెలుసు కదా. రేడియేటర్లో నీళ్లు చూసుకోకుండా నరసరావుపేట దాకా తోలాను. దారిలోనే ఇంజను పట్టేసింది. అప్పటినుంచి అది రేకుల కింద పడి ఉంది, దాని నెత్తిన పత్తికట్టె పేరుస్తున్నాం. మొన్న ఆదివారం పిల్లలు సత్తెనపల్లి నుంచి వచ్చారు. నేను కల్లం దాకా వెళ్లి వచ్చేసరికి అల్లుడు కట్టె మోపులన్నీ పక్కన పడేసి, నా పాత లుంగీ కట్టుకుని, మోచేతుల దాకా మడ్డి పూసుకుని ఉన్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు! సుద్దముక్క తప్ప ఏదీ అంటని చేతులు! "ఇంజను బిగుసుకుపోయింది మావయ్యా, పిస్టన్లు కదలడం లేదు. అయినా లేపుదాం" అన్నాడు. "లేపుదాం" అన్నాడు బావగారూ, "లేపుతాను" అనలేదు. ఇద్దరం అన్నమాట. నాకు ఆడపిల్ల ఒక్కతే. ఒక మగపిల్లాడితో కలిసి ఒక పని చెయ్యడం ఎలా ఉంటుందో ఈ వయసులో తెలిసింది.

ఈ కారుకి సామాన్లు ఇప్పుడెక్కడా దొరకవట. కనిగిరిలో మీరు నడిపిన షెడ్డు చిన్నదా! అందులో పాత ఇంజనేదైనా పడి ఉందేమో చూడండి. పిస్టన్లు, రింగులు, కలెక్టింగ్ రాడ్లో కనెక్టింగ్ రాడ్లో అవి, క్రాంకు. ఏది ఉంటే అది. "మా నాన్నకి మాత్రం చెప్పకండి మావయ్యా" అన్నాడు అబ్బాయి. మీకు చెప్పకుండా నాకు అన్నమెలా సయిస్తుంది?

ఇట్లు మీ
యలమందయ్య


కనిగిరి.
మార్చి 11

బావగారికి,

ఉత్తరం అందింది. దూడ సంగతి ఇప్పుడే తెలిసింది, విచారం.

"మీ శివరామకృష్ణ" అని రాయాల్సిన చోట "మన శివరామకృష్ణ" అని రాశారు. మంచిదే. పెళ్లిలో దానం చేసింది మీరు, పుచ్చుకున్నది మేము అనుకున్నాను. ఇప్పుడు చూస్తే దానం ఇటునుంచి అటు జరిగినట్టుంది.

నా షెడ్డులో ఒక్క బోల్టు విప్పనివాడు మీ లుంగీ కట్టుకుని మీ పత్తికట్టె కింద దూరాడంటే, అన్నంలో ఏం మందు పెట్టారో మీ ఇంట్లో వెంకటరావమ్మ చెల్లెమ్మనే అడగాలి. ఇక్కడికొస్తే వాడు కుర్చీ అంచున కూర్చుంటాడు. కాఫీ తాగి గ్లాసు వాడే కడిగి పెట్టి వెళతాడు, చుట్టంలాగా.

సామాన్లు నా దగ్గర ఏమీ లేవు. షెడ్డు మూసిన రోజే అన్నీ పాత ఇనుముకి వేసేశాను. ఒకవేళ ఉన్నా, వాడు అడగాలి. వాడికి నోరుంది. వాడు అడగంది మీరు అడిగితే పంపడానికి ఇది సారె కాదు.

ఇంకొక్క మాట. పిస్టన్లు రావడం లేదని సుత్తి వేస్తారేమో, వెయ్యొద్దు. డీజిల్లో బ్రేక్ ఆయిల్ కలిపి పిస్టన్లు ఆడే బోర్లలో పోసి, పదిహేను రోజులు వాటి మానాన వాటిని వదిలెయ్యాలి. నేను చెప్పానని చెప్పొద్దు.

వీరాంజనేయులు


ధూళిపాళ్ల.
ఏప్రిల్ 16

బావగారికి నమస్కారాలు.

పిస్టన్లు వచ్చేశాయి! నాలుగూ వచ్చేశాయి! మీరు చెప్పినట్టే నానబెట్టాం. మీ పేరు ఎత్తలేదు. "కొట్టకు నాయనా, నానబెట్టు" అని నా మాటగానే చెప్పాను. అల్లుడు నావైపు అదోలా చూసి, "మీకెలా తెలుసు మావయ్యా?" అని నవ్వాడు. నాకు తెలివితేటలున్నాయని ఈ జన్మలో మొదటిసారి ఒకరు అనుకున్నారు. ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నాను.

ఆదివారం ఎప్పుడొస్తుందా అని శుక్రవారం నుంచే ఎదురుచూస్తున్నాను బావగారూ. ఇద్దరం ఆ కారు పక్కనే కూర్చుని గోంగూర పచ్చడన్నం తింటున్నాం. చేతులు నలుపు వదలవు కనక వెంకటరావమ్మ ముద్దలు కలిపి పెడుతోంది, నాకొకటి, వాడికొకటి. ఊళ్లోవాళ్లు దారిన పోతూ "ఏం యలమందయ్యా, అల్లుడా కొడుకా?" అంటున్నారు. "కొడుకేరా, కళ్లు కనపడట్లా?" అంటున్నాను. తప్పేముంది!

ఒకటే కష్టం. క్రాంకు పోయింది. క్రాంకంటే పిస్టన్ల కింద ఉండే వంకర కడ్డీ, పిస్టన్లు పైకీ కిందకీ ఆడితే అది గుండ్రంగా తిరుగుతుందని అబ్బాయి నాకు బియ్యం చేటలో అగ్గిపుల్లలు పెట్టి చూపించాడు. మా దానికి లోతుగా గీతలు పడ్డాయి. ఇదివరకే రెండుసార్లు అరగదీసి ఉన్నందువల్ల ఇక సానబెట్టడానికి మందం లేదట. దాని కోసం విజయవాడ వెళ్లాం, ఒంగోలు వెళ్లాం. చివరికి గుంటూరులో పాత సామాన్ల అమానుల్లా దగ్గర ఒకటి కనపడింది. నేను సంతోషంతో దాన్ని కౌగిలించుకోబోయాను. అబ్బాయి ఆగమన్నాడు. తాడు కట్టి దూలానికి వేలాడదీశాడు. స్పానరుతో చిన్నగా కొట్టి, తల వంచి విన్నాడు. డబ్బా మోగినట్టు మోగింది. "వద్దు మావయ్యా, ఎక్కడో చీలిక ఉంది. మంచిదైతే మోత సాగుతుంది" అన్నాడు. అమానుల్లా తెల్లబోయి, "ఏ షెడ్డులో నేర్చుకున్నావు నాయనా?" అన్నాడు. "కిటికీలో" అన్నాడు వీడు.

బస్సులో గుచ్చి గుచ్చి అడిగాను. మీ షెడ్డుకి వెనకవైపు కిటికీ ఉందట కదా. మీరు లోపలికి రానిచ్చేవారు కాదట. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆ కిటికీ కింద చేరేవాడట. "మా నాన్న క్రాంకు కొట్టి వినేటప్పుడు చూడాలి మావయ్యా, షెడ్డంతా ఊపిరి బిగబట్టేది" అన్నాడు. అని ఆగిపోయి, సత్తెనపల్లి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

నేను ఏదీ దాచుకోలేని మనిషిని. ఆ మాట వాడు చెప్పిన తీరుకి నా కడుపులో ఎక్కడో కాస్త మండింది. నా గురించి వాడు ఎవరికైనా అలా చెబుతాడా అనిపించింది. పోనీలెండి.

ఇట్లు
యలమందయ్య


కనిగిరి.
ఏప్రిల్ 25

బావగారికి,

పాత ఇనుముకి వేశానన్నది నిజం కాదు. డీజిల్ అంబాసిడర్ క్రాంకు ఒకటి ఉంది. ఒక్కసారి కూడా అరగదీయనిది. గ్రీజు పూసి, గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టాను.

కిటికీ వెనక అప్పట్లో గేదెల చావిడి ఉండేది. వాడు చావిట్లో కూర్చుని చదువుకుంటున్నాడనే అనుకున్నాను. లోపలికి రానివ్వని మాట వాస్తవం. రానిస్తే నాలాగే అయ్యేవాడు, మీరు పిల్లనిచ్చేవారు కాదు.

నిన్న ఆ క్రాంకు దింపి వేలాడదీశాను. స్పానరు పెట్టి కొట్టాను. మళ్లీ కొట్టాను. వెంకటేశ్వరమ్మ వంటింట్లోంచి చెవులు మూసుకుంటూ వచ్చింది. నాకేమీ వినపడలేదు. చెయ్యి ఆనించి చూశాను. వణుకు తెలుస్తోంది, అంతే. అది మంచి వణుకో చెడ్డ వణుకో చెప్పలేను. "ఎలా మోగిందే?" అని ఆవిడ నోరు చూస్తూ అడిగితే, "పెద్దగా" అంటుంది.

వాణ్ణి ఒకసారి వచ్చి వినమనండి. బాగుందో లేదో తెలియకుండా సామాను పంపితే నాకు మాటొస్తుంది. అంతకుమించి ఇంకో కారణం ఏమీ లేదు.

వీరాంజనేయులు


ధూళిపాళ్ల.
జూన్ 21

బావగారికి నమస్కారాలు.

సంతోషం! చాలా సంతోషం! క్రాంకు మంచిదైనందుకు సంతోషం, అబ్బాయి మీ దగ్గరికి వచ్చినందుకు సంతోషం. తిరిగొచ్చిన రోజు "మోగిందా?" అని అడిగితే, "మోగింది మావయ్యా. నేను చెయ్యి ఊపితే చాలు, నాన్నకి తెలిసిపోయింది" అన్నాడు. పెట్టిన అన్నం చల్లారిపోయేదాకా అదే చెప్పాడు.

"నాన్న దగ్గరే ఇంజను కడితే మంచిది" అన్నాడు. సరే నాయనా అన్నాను. ట్రాలీ ఆటోలో ఇంజను ఎక్కించి పంపాం. అది ఊరు దాటుతుంటే ఆనందంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయని రాద్దామనుకున్నాను. ఆనందమేనా అన్నది తేల్చుకోలేక రాయడం లేదు.

ఇప్పుడు అల్లుడు శనివారం కాలేజీ వదలగానే అటే బస్సెక్కుతున్నాడు. మా అమ్మాయి తేజశ్రీ ఒక్కతే వస్తోంది. వెంకటరావమ్మ అలవాటుకొద్దీ ఎక్కువ వండుతోంది, మిగిలింది మర్నాడు తింటున్నాం. మొన్న ఊరికే వెళ్లి బానెట్ ఎత్తి చూశాను. లోపల ఖాళీ. నేల కనపడుతోంది. దారిన పోయే వెధవ ఒకడు "ఏం యలమందయ్యా, కొడుకు రాలేదా?" అన్నాడు. పనుండి ఊరెళ్లాడని చెప్పాను.

బోర్లు పెద్దవి చేయించారు కనక వాటికి సరిపడే పిస్టన్లు, రింగులు కావాలని అబ్బాయితో కబురు చేశారు కదా. పిస్టన్లు అబ్బాయే తెచ్చాడు. రింగులు అమానుల్లా తెప్పించి కబురు పెడితే నేనే గుంటూరు వెళ్లి, సైజు రెండుసార్లు చదివించుకుని, బస్సు కార్గోలో మీ పేరున వేశాను. పిస్టను చుట్టూ అవి తొడిగితే ఇక ఇంజను మూసెయ్యడమేనట. మూసేస్తే ఇంజను ఇంటికొస్తుంది. ఆదివారాలు కూడా.

ఇట్లు
యలమందయ్య


కనిగిరి.
జూలై 8

ప్రియమైన బావగారికి,

కులాసా. మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పత్తి గింజలు వేశారా? ఇక్కడ వానలు ఆలస్యం.

పని దివ్యంగా సాగుతోంది. నాకు చెవుల్లేవు, వాడికి మాటలు తక్కువ, బాగా కుదిరింది. నేను చెయ్యి చాస్తే ఏ స్పానరు కావాలో వాడికి తెలుసు. మొన్న బేరింగులు బిగిస్తుంటే ఒకచోట పట్టు ఎక్కువైంది. నేను అనబోయేంతలో వాడే వదులు చేశాడు. "ఎవడి కొడుకనుకున్నావు?" అని వెంకటేశ్వరమ్మతో అన్నాను. ఆవిడ ఏమందో వినపడలేదు, ఏదో మంచి మాటే అయి ఉంటుంది. టీ కొట్టు దగ్గర అందరూ "అబ్బాయి వచ్చాడా?" అని అడుగుతున్నారు. "ప్రతి వారం వస్తున్నాడు" అని చెబుతున్నాను. ప్రతి వారం అన్న మాట కాస్త గట్టిగా చెబుతున్నానట, ఊళ్లోవాళ్లు అంటున్నారు.

వాడు ఇక్కడ నా ఖాకీ చొక్కా వేసుకుంటున్నాడు, అచ్చు కొలతకి సరిపోయింది. మీ లుంగీతో ఇక అవసరం లేదు కనక పార్సిల్లో పంపుతున్నాను.

రింగులు ఇంకా రాలేదు. తొందరేమీ లేదు.

మీ వీరాంజనేయులు


ధూళిపాళ్ల.
జూలై 17

బావగారికి,

లుంగీ అందింది. ఉతికి, మడత పెట్టి పంపారు. ఒక్క మడ్డి మరక కూడా లేకుండా ఉతికారు. ఆ మరకలైనా ఉంచాల్సింది.

రింగులు మీకు ఎప్పుడో చేరాయి. పార్సిలు ఇచ్చేశామని కార్గోవాళ్ల మెసేజి జూన్ నెలలోనే నా ఫోనుకి వచ్చింది. అప్పుడు నేను చూసుకోలేదు, మొన్న తేజశ్రీ చదివి చెప్పింది. తీసుకున్నవారి పేరు కూడా ఉంది. మీ పేరే.

అబ్బాయి మాత్రం ఫోను చేసిన ప్రతిసారీ "రింగులు ఇంకా రాలేదంట మావయ్యా" అంటున్నాడు. నేను అయిదో తరగతి చదివినవాణ్ణి. ఇంజను గురించి నాకేమీ తెలియదు. మనిషి వస్తువు దగ్గర పెట్టుకుని రాలేదంటే, అది ఎందుకో మాత్రం తెలుస్తుంది.

నాకు కోపంగా ఉంది బావగారూ. ఒళ్లంతా మిరపకాయలు నూరి పూసినట్టుంది. మీరు కన్నారు. మీరు పెంచారు. కిటికీలోంచి చూసినా వాడు చూసింది మిమ్మల్నే. వాడి చిన్నతనమంతా మీది. నాకు దొరికినవి ఆ కాసిని ఆదివారాలు. నేనేమీ లాక్కోలేదు, వాడే వచ్చి నా లుంగీ కట్టుకున్నాడు. అవీ మీకే కావాలా?

వాడికి నేనింకా చెప్పలేదు. చెబితే మీ పరువు పోతుంది. చెప్పకపోతే నా ఆదివారాలు పోతున్నాయి. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి.

యలమందయ్య


కనిగిరి.
జూలై 25

బావగారికి,

రింగులు వచ్చాయి. బియ్యం డబ్బాలో, అడుగున ఉన్నాయి. వాడికి ఇచ్చెయ్యమని వెంకటేశ్వరమ్మ రోజూ పోరుతోంది. ఇలాంటప్పుడు చెవుడు మంచిదే.

రింగులు తొడిగితే పిస్టన్లు లోపలికి పోతాయి. పైన మూతలా హెడ్డు బిగించేస్తాం. మీ ఇంజను మీ ఊరు పోతుంది, దాని వెంట వాడూ పోతాడు. మళ్లీ ఏ పండక్కో వచ్చి, చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చుంటాడు. ఇప్పుడు నేల మీద కూర్చుంటున్నాడు బావగారూ. నా తొడ మీద చెయ్యి ఆనించి లేస్తున్నాడు. వాడు నన్ను పట్టుకుని లేవడం వాడికి నడక వచ్చిన రోజుల తర్వాత ఇదే.

మీ మంట నాకు తెలుసు. మార్చి నెలలో అది నాది. మీ మొదటి ఉత్తరంలో "లేపుదాం" అన్న మాట దగ్గర కాగితం మడిచేసి, మళ్లీ మర్నాడు చదివాను.

వాడికి చెప్పాలనుకుంటే మీరే చెప్పండి. తప్పు పట్టను. నా నోటితో మాత్రం చెప్పలేను.

వీరాంజనేయులు


ధూళిపాళ్ల.
ఆగస్టు 5

మహారాజశ్రీ బావగారికి,

ఈ ఉత్తరం నిలబడే రాస్తున్నాను, కూర్చుంటే ఆగేట్టు లేను.

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాలో నేనే తిట్టుకున్నాను, కాసేపు మిమ్మల్ని, కాసేపు నన్ను. చివరికి చెప్పేద్దామనే అనుకున్నాను. మంచివాణ్ణని గొప్పలు పోను, కడుపుమంట తట్టుకోలేకే చెప్పాలనుకున్నాను. సత్తెనపల్లి వెళ్లి కాలేజీ గేటు దగ్గర అబ్బాయిని పట్టుకున్నాను. "అబ్బాయ్, ఆ రింగులు ఉన్నాయే..." అని మొదలుపెట్టి, మీ ముఖం గుర్తొచ్చి నీళ్లు నమిలాను.

వాడు నా చేతిలో సంచి అందుకుంటూ ఏమన్నాడో తెలుసా?

"బియ్యం డబ్బాలో ఉన్నాయి మావయ్యా."

"నీకెలా తెలుసురా?" అన్నాను. ఎప్పుడూ లేనిది, "రా" అనేశాను.

"అమ్మ ఓ ఆదివారం బియ్యం తియ్యమంది. అప్పుడే చూశాను. మళ్లీ బియ్యం కప్పేశాను."

"మరి మీ నాన్నని అడగలేదేం?"

"నాన్న రాలేదన్నాడుగా. వస్తాయిలే" అన్నాడు.

బావగారూ, వాడికి తెలుసు! తెలిసే వస్తున్నాడు! రింగుల కోసం రావడం లేదు, క్రాంకు కోసం రావడం లేదు, నా కారు కోసం అసలే రావడం లేదు. నాలుగైదు గంటలు బస్సులో కూర్చుని, చెయ్యడానికి పని లేదని తెలిసీ, తుడిచిన పిస్టన్లే మళ్లీ తుడవడానికి వస్తున్నాడు. ఇది మీకు చెప్పకుండా నేనే ఉంచుకుంటే బాగుండునని ఒక్క పూట అనిపించింది. ఉంచుకోలేకపోయాను. ఇంత సంతోషం ఒక్కణ్ణే ఎక్కడ పెట్టుకోను? నాది కాని సంతోషమైతే మాత్రం ఏం!

కాబట్టి రింగులు బయటికి తీసి తొడిగించండి. దాచినా దాచకపోయినా వాడు వస్తాడు. ఇక మీకు భయం లేదు. మండాల్సింది నేను, నా తంటా నేను పడతాను.

తంటా ఎలా పడుతున్నానో కూడా చెబుతాను. హెడ్డుకీ ఇంజనుకీ మధ్య వేసే రేకు, గ్యాస్కెట్, అది లేనిదే మూత పడదని మీరే అబ్బాయితో అన్నారట. అమానుల్లా అది ఇచ్చి చాలా రోజులైంది. నా దగ్గర భద్రంగా ఉంది. అది పార్సిల్లో రాదు. కావాలంటే ఇంజను ట్రాలీ ఎక్కించుకుని తండ్రీకొడుకులు ఇద్దరూ ఇక్కడికి రావాలి. చెల్లెమ్మని కూడా తీసుకురండి. పత్తికట్టె అంతా పక్కకి జరిపించాను, ముగ్గురం కూర్చోవచ్చు. మీ ఖాకీ చొక్కా మీరు తెచ్చుకోండి, లుంగీ మాత్రం నాదే కట్టాలి.

నిన్న కాలేజీ అయ్యాక ఇటొచ్చినప్పుడు అబ్బాయి గ్యాస్కెట్ సంగతి అడిగాడు. ఇంకా రాలేదని చెప్పాను. నావైపు చూసి, నవ్వి, "వస్తుందిలే మావయ్యా" అన్నాడు.

ఇట్లు మీ
యలమందయ్య